కెనడాలో చదువు అయిపోయింది, మరి పీఆర్ సంగతి?

ఈ నెల మాకు అందిన ఉత్తరాలలో సగానికి పైగా కెనడా నుంచో, కెనడాలో పిల్లలున్న ఇళ్ల నుంచో వచ్చినవే కావడంతో శీర్షిక మొత్తాన్ని వాటికే కేటాయిస్తున్నాము. ఉత్తరాలు రాసినవారి పరిస్థితులు వేరువేరుగా ఉన్నా, అక్కడ చదువు పూర్తి చేస్తే శాశ్వత నివాసం, అంటే అందరూ పీఆర్ అని పిలిచేది, కాస్త ఆలస్యంగానైనా దానంతట అదే వస్తుందన్న నమ్మకం దాదాపు అన్నింటిలోనూ కనిపించింది. చదువు వల్ల వచ్చేది ఉద్యోగం చేసుకోవడానికి కొంత గడువు మాత్రమే. ఆ గడువులో ఏ తేదీన ఏం చేశారు, దానికి ఏ కాగితం దాచుకున్నారు అన్నదాన్ని బట్టే తర్వాతి కథ నడుస్తుంది. కింది సమాధానాలు 2025 చివరి నాటికి అమలులో ఉన్న నియమాలను అనుసరించి రాసినవి.

ప్రశ్న: నా వయసు 29. హైదరాబాద్‌లో బీటెక్ తర్వాత ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో 2 సంవత్సరాల 8 నెలలు పనిచేసి, ఒంటారియోలో 16 నెలల మాస్టర్స్ చేశాను. మూడేళ్ల వర్క్ పర్మిట్ వచ్చింది. డెవలపర్‌గా చేరి 10 నెలలైంది. చదువుకునేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటల చొప్పున చేసిన పనిని కూడా కలిపితే ఏడాది ఎప్పుడో దాటింది కాబట్టి ఇప్పుడే ప్రొఫైల్ వేయమని మిత్రులు అంటున్నారు. ఐఈఎల్‌టీఎస్ జనరల్‌లో లిజనింగ్ 8, రీడింగ్ 7.5, స్పీకింగ్ 7, రైటింగ్ 6.5 వచ్చాయి. నాకు పెళ్లి కాలేదు. మరో అయిదు నెలల్లో 30 నిండుతాయి. నా అవకాశాలు ఎలా ఉన్నాయి? – ఒక పాఠకుడు, మిస్సిసాగా

సమాధానం: ముందుగా మీ మిత్రుల సలహాను పక్కన పెట్టండి. మీరు దరఖాస్తు చేయదగిన కెనడియన్ ఎక్స్‌పీరియన్స్ క్లాస్‌కు, అంటే సీఈసీకి, గడిచిన మూడేళ్లలో కనీసం ఏడాది, లెక్కగా చెప్పాలంటే 1,560 గంటల నైపుణ్య ఉద్యోగం ఉండాలి. పూర్తికాల విద్యార్థిగా ఉన్నప్పుడు చేసిన పని, అది క్యాంపస్‌లోదైనా, కోర్సులో భాగంగా చేసే కో-ఆప్ ఉద్యోగమైనా, ఈ లెక్కలోకి రాదు. వారానికి 30 గంటలకు మించి ఎంత చేసినా 30గానే లెక్కిస్తారు కనుక, ఓవర్‌టైమ్ చేసి ఏడాదిని పది నెలల్లో ముగించే వీలూ లేదు. అందువల్ల మీకు అర్హత రావడానికి ఇంకా రెండు నెలలు ఉంది. ఈలోగా జీతంతో కూడిన మామూలు సెలవు తీసుకుంటే ఇబ్బంది లేదు గానీ, జీతం లేని సెలవు మీద ఇంటికి వస్తే మాత్రం అన్ని వారాలూ వెనక్కి జరుగుతాయి.

ఇక స్కోరు విషయానికి వద్దాం. పీఆర్ కోరేవారి ప్రొఫైళ్లను ఆన్‌లైన్‌లో తీసుకొని ఎంపిక చేసే విధానం ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ. అందులో అభ్యర్థులను వరుసలో నిలబెట్టే సీఆర్‌ఎస్ అనే పాయింట్ల పట్టికను మీకు అన్వయిస్తే, ఏడాది పూర్తయిన రోజున వయసుకు 110, మాస్టర్స్‌కు 135, ఇంగ్లిషుకు 116, కెనడా అనుభవానికి 40, కెనడాలో చేసిన మాస్టర్స్‌కు అదనంగా 30, చదువును అక్కడి అనుభవంతోనూ భాషతోనూ జోడించినందుకు 50, హైదరాబాద్ అనుభవాన్ని అదే విధంగా జోడించినందుకు 26, వెరసి 507 పాయింట్లు వస్తాయి. ఎక్కువ పాయింట్లున్నవారికి పీఆర్ దరఖాస్తుకు ఆహ్వానం పంపే విడతలనే డ్రాలు అంటారు. 2025లో సీఈసీ డ్రాలలో చాలావరకు కటాఫ్ 520కి పైనే నడిచింది. అంటే మీరు గుమ్మం దాకా వచ్చి ఆగినట్లు.

మిమ్మల్ని ఆపినది రైటింగ్‌లో ఆ అర బ్యాండు. రైటింగ్ 7 అయి ఉంటే నాలుగు విభాగాలలోనూ కెనడా వారి ఇంగ్లిషు కొలమానమైన సీఎల్‌బీలో 9వ స్థాయి వచ్చేది. అప్పుడు భాషకు 8, హైదరాబాద్ అనుభవానికి 12 పెరిగి మొత్తం 527 అయ్యేది. అర బ్యాండుకు 20 పాయింట్లు పోవడం అన్యాయంగా అనిపించవచ్చు కానీ, ఈ పట్టికలో ఇంత తక్కువ ఖర్చుతో పెంచుకోగల అంకె మరొకటి లేదు. మళ్లీ పరీక్ష రాయండి. రైటింగ్ మీకు కొరకరాని కొయ్యగా ఉంటే సెల్‌పిప్ లేదా పీటీఈ కోర్ కూడా రాయవచ్చు, వాటినీ అంగీకరిస్తారు.

30 నిండిన రోజున 5 పాయింట్లు తగ్గుతాయి. అందుకని బెంగపడనక్కర లేదు, ఎందుకంటే మీ పర్మిట్ మూడేళ్లది. అదే ఉద్యోగంలో రెండో ఏడాది కూడా పూర్తి చేస్తే, వయసు వల్ల తగ్గినది పోను, ఇప్పుడున్న ఇంగ్లిషుతోనే 527కు, రైటింగ్ 7 వస్తే 547కు చేరుతారు. మీ చేతిలో ఉన్న అసలు ఆస్తి ఆ రెండో సంవత్సరం. మంచి జీతం కోసమని నైపుణ్య వర్గంలోకి రాని ఉద్యోగానికి మారి దాన్ని చెడగొట్టుకోకండి.

ఒక మాట మీకు ఉపయోగపడదు గానీ, బయలుదేరబోయే ఇతర పాఠకుల కోసం చెప్పాలి. హైదరాబాద్‌లో మరో నాలుగు నెలలు ఆగి మూడేళ్లు నిండాక రాజీనామా చేసి ఉంటే, ఇప్పుడు మీకు 26 బదులు 50 వచ్చేవి. రెండేళ్ల ఎనిమిది నెలలను ఈ పట్టిక రెండేళ్లుగానే చూస్తుంది.

చివరగా కాగితాలు. హైటెక్ సిటీ సంస్థలలో హెచ్ఆర్ విభాగం ఇచ్చే రిలీవింగ్ లెటరులో చేరిన తేదీ, వెళ్లిన తేదీ, భవిష్యత్తు బాగుండాలన్న ఆకాంక్ష తప్ప మరేమీ ఉండదు. కెనడా అధికారి చూసేది హోదా, చేసిన విధులు, వారానికి పనిగంటలు, జీతం, తేదీలు. అవన్నీ రాసిన లెటరు కోసం ఇప్పుడే పాత సంస్థకు రాయండి. మా దగ్గర ఒకటే నమూనా ఉందని వారు అంటే, అప్పటి మేనేజరు సంతకంతో విధుల వివరాలు తీసుకొని, ఆఫర్ లెటరు, పే స్లిప్పులు, ఫారం 16లతో పాటు మీ వివరణను జతచేయండి. ఆహ్వానం వచ్చాక ఉండేది 60 రోజులే, ఆ హడావుడిలో ఈ పని తెమలదు. 2025 ఆగస్టు 21 నుంచి వైద్య పరీక్ష కూడా దరఖాస్తుకు ముందే చేయించుకోవలసి వస్తోంది.

ప్రశ్న: మా అమ్మాయి బీకాం పూర్తి చేసింది. ఒంటారియోలోని ఒక కాలేజీలో రెండేళ్ల బిజినెస్ మేనేజ్‌మెంట్ డిప్లొమాకు సీటు ఇప్పిస్తామని, చదువు కాగానే మూడేళ్ల వర్క్ పర్మిట్, ఆ తర్వాత పీఆర్ గ్యారంటీ అని కన్సల్టెన్సీ వారు చెబుతున్నారు. ఇంటి మీద 25 లక్షల లోను తీసుకోవాలనుకుంటున్నాను. మంచి చెడ్డలు చెప్పగలరు. – ఒక తండ్రి, ఖమ్మం

సమాధానం: లోను కాగితాల మీద సంతకం పెట్టకముందే రాశారు, సంతోషం. మీకు చెప్పిన మాట 2023 వరకు చాలామంది విషయంలో నిజమే. అప్పుడు వెళ్లినవారి ఇళ్ల గృహప్రవేశాల ఫొటోలు చూపించే ఇప్పటికీ సీట్లు అమ్ముతున్నారు. ఆ తర్వాత నియమాలు మారిపోయాయి. 2024 నవంబరు 1 నుంచి స్టడీ పర్మిట్‌కు దరఖాస్తు చేసినవారు కాలేజీ డిప్లొమా లేదా సర్టిఫికెట్ చదివితే, ఆ కోర్సు ప్రభుత్వం ప్రకటించిన రంగాలలో ఉంటేనే చదువు తర్వాతి వర్క్ పర్మిట్ ఇస్తారు. వైద్య సేవలు, సైన్స్ సాంకేతిక కోర్సులు, నైపుణ్య వృత్తులు, వ్యవసాయం, విద్య వంటివి ఆ జాబితాలో ఉన్నాయి గానీ, మామూలు బిజినెస్ మేనేజ్‌మెంట్ లేదు. అంటే మీ అమ్మాయి రెండేళ్లు చదివి, డిప్లొమా పట్టుకొని, ఒక్క రోజు కూడా ఉద్యోగం చేసే అనుమతి లేకుండా తిరిగి రావలసిన పరిస్థితి ఏర్పడవచ్చు. పర్మిట్ లేనప్పుడు అనుభవం లేదు, అనుభవం లేనప్పుడు సీఈసీ దారి మూసుకున్నట్లే.

ఆ కాలేజీ గురించి మరొకటి కూడా అడగండి. పాఠాలు చెప్పేది ఆ ప్రభుత్వ కాలేజీయేనా, లేక దాని పేరుతో నడిచే ప్రైవేటు కాలేజీయా? ప్రభుత్వ కాలేజీ పాఠ్యక్రమాన్ని తీసుకొని ప్రైవేటు సంస్థలు నడిపే కోర్సులలో 2024 మే 15 తర్వాత చేరినవారికి వర్క్ పర్మిట్ అర్హత లేదు. బ్రోషరులో భవనం ఫొటో చూసి ఈ తేడా తెలియదు, అడ్మిషన్ లెటరులో క్యాంపస్ చిరునామా చూడాలి.

విశ్వవిద్యాలయాలలో బ్యాచిలర్స్, మాస్టర్స్ చేసేవారికి ఈ రంగాల నిబంధన వర్తించదు. రెండేళ్ల లోపు మాస్టర్స్ అయినా, కనీసం 8 నెలల కోర్సు అయి ఇతర షరతులు నెరవేరితే, మూడేళ్ల పర్మిట్ వస్తుంది. బీకాం తర్వాత మంచి విశ్వవిద్యాలయంలో మాస్టర్స్ సీటు సులభం కాదు, ఫీజు కూడా ఎక్కువే. కానీ అప్పు చేయక తప్పదనుకుంటే, తలుపు తెరిచి ఉన్న చదువుకే చేయాలి. ఫీజు, ప్రయాణ ఖర్చులు కాక ఒక్కరి మొదటి ఏడాది జీవన వ్యయానికే 22,895 కెనడా డాలర్లు చూపాలి. చదువుకునే రోజుల్లో క్యాంపస్ బయట వారానికి 24 గంటలకు మించి పనిచేయకూడదు కాబట్టి, పార్ట్‌టైమ్ జీతంతో ఫీజు కట్టేసుకుంటుందిలే అన్న లెక్క కుదరదు.

గ్యారంటీ అన్న మాట గురించి కూడా చెప్పాలి. పీఆర్ ఇచ్చేది కెనడా ప్రభుత్వం. 2025లో 5 లక్షల మందికి ఇస్తామని మొదట అనుకున్న ఆ ప్రభుత్వమే 2024 అక్టోబరులో ఆ సంఖ్యను 3,95,000కు తగ్గించింది. ప్రభుత్వమే తన లెక్కను సవరించుకున్న చోట ఖమ్మంలోని కన్సల్టెన్సీ హామీ ఎలా ఇవ్వగలదు? అదే మాట వారి లెటర్‌హెడ్ మీద రాసి సంతకం చేయమని అడిగి చూడండి, ఎవరూ చేయరు. డబ్బు తీసుకొని కెనడా ఇమ్మిగ్రేషన్ సలహా ఇచ్చే హక్కు అక్కడి న్యాయవాదులు వంటి కొద్దిమందికి, లైసెన్సు ఉన్న కన్సల్టెంట్లకు మాత్రమే ఉంది. కన్సల్టెంట్ల పేర్లు వారి నియంత్రణ సంస్థ జాబితాలో ఎవరైనా వెతికి చూసుకోవచ్చు.

ప్రశ్న: సీటు కోసం రాసిన ఐఈఎల్‌టీఎస్ అకడమిక్ స్కోరు పీఆర్‌కు పనికొస్తుందా? – ఒక పాఠకురాలు, విజయనగరం

సమాధానం: పనికిరాదు. జనరల్ ట్రైనింగ్ రాయాలి. ఆ ఫలితం రెండేళ్ల లోపుదై ఉండాలి, దరఖాస్తు చేసే రోజు వరకు చెల్లుబాటు కావాలి.

ప్రశ్న: రెండేళ్ల డిప్లొమా చేసి, ఒక దుకాణంలో సూపర్‌వైజరుగా ఏడాదిన్నరగా పనిచేస్తున్నాను. స్కోరు 468. నా వర్క్ పర్మిట్ మరో నాలుగు నెలల్లో ముగుస్తుంది. 30 వేల డాలర్లు ఇస్తే ఎల్ఎంఐఏతో జాబ్ ఆఫర్ ఇప్పిస్తానని తెలిసినవారొకరు అంటున్నారు. ఇంట్లో చెప్పుకోలేక మీకు రాస్తున్నాను. – ఒక పాఠకుడు, బ్రాంప్టన్

సమాధానం: ఆ డబ్బు ఇవ్వకండి. విదేశీయుడిని ఉద్యోగంలో పెట్టుకునే ముందు యజమాని ప్రభుత్వం నుంచి తెచ్చుకోవలసిన అనుమతి ఎల్ఎంఐఏ. దాన్ని ఉద్యోగార్థికి అమ్మడం అక్కడ నేరం. పైగా ఇంత ఖర్చు పెట్టి కొనే సరుకుకు ఇప్పుడు పాయింట్ల విలువ కూడా లేదు. జాబ్ ఆఫర్‌కు ఇచ్చే 50 లేదా 200 అదనపు పాయింట్లను 2025 మార్చి 25 నుంచి పూర్తిగా తీసేశారు. లేని ఉద్యోగాన్ని ఉన్నట్లు చూపించినట్లు తేలితే, తప్పుడు సమాచారం కింద అయిదేళ్ల పాటు కెనడాలో అడుగుపెట్టే అర్హత పోతుంది. ఆ అయిదేళ్లలో పీఆర్‌కు దరఖాస్తు కూడా చేయలేరు.

చదువు తర్వాతి వర్క్ పర్మిట్ జీవితంలో ఒక్కసారే వస్తుంది. ఆ తర్వాత మరో కోర్సులో చేరినా రెండోది ఇవ్వరు కనుక, స్టేటస్ కోసం ఏదో ఒక కాలేజీలో ఫీజు కట్టి కూర్చోవడం మీకు మేలు చేయదు. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో ప్రొఫైల్ ఉన్నంత మాత్రాన అక్కడ ఉండే హక్కు రాదన్నది కూడా చాలామంది గ్రహించరు. ఆహ్వానం వచ్చి, పీఆర్ దరఖాస్తు దాఖలు చేశాక మాత్రమే, దానిపై నిర్ణయం వచ్చేదాకా పనిచేసుకోనిచ్చే బ్రిడ్జింగ్ పర్మిట్ అడగగలరు.

ఇప్పుడు మీరు చేయగలిగినవి చూద్దాం. మీ యజమాని నిజంగా మిమ్మల్ని ఉంచుకోవాలనుకుంటే, తన ఖర్చుతో, తన పేరుతో ఎల్ఎంఐఏకు దరఖాస్తు చేయవచ్చు. అది పాయింట్లు తేకపోయినా పనిచేసే గడువును తెస్తుంది. కెనడా రాష్ట్రాలు తమకు కావలసినవారిని పీఆర్‌కు సిఫారసు చేసే నామినేషన్‌కు 600 పాయింట్లు వస్తాయి గనుక, అది దొరికితే మీ 468 గురించి ఆలోచించే పనే ఉండదు. అయితే 2025లో రాష్ట్రాల కోటాను సగానికి కోశారు, అందువల్ల దాని మీద ఆశ పెట్టుకోండి గానీ దాన్ని నమ్ముకొని పర్మిట్ ముగిసేదాకా కూర్చోకండి. ఫ్రెంచ్ వచ్చినవారికి విడిగా జరిపే డ్రాలలో కటాఫ్ 2025 మార్చిలో 379కి కూడా దిగింది. నాలుగు విభాగాలలోనూ ఫ్రెంచ్ కొలమానమైన ఎన్‌సీఎల్‌సీలో 7వ స్థాయి తెచ్చుకుంటే ఆ డ్రాకు అర్హతతో పాటు మీకు మొత్తం 62 పాయింట్లు కలుస్తాయి. కానీ అఆలు దిద్దే స్థాయి నుంచి అక్కడికి చేరడానికి రోజూ కూర్చున్నా ఏడాది పైగా పడుతుందని నా అంచనా, నాలుగు నెలల్లో అయ్యే పని మాత్రం కాదు.

ఆ ఏడాది మీరు కెనడాలోనే ఉండి తీరాలని లేదు. ఇంట్లో చెప్పుకోలేకపోతున్నానన్నారు కాబట్టి ఈ సంగతి కొంచెం వివరంగా రాస్తున్నాను. సీఈసీకి కావలసింది గత మూడేళ్లలో ఏడాది కెనడా అనుభవం. మీరు పర్మిట్ ముగిసేలోగా, స్టేటస్ మీద మచ్చ పడకుండా ఇంటికి వచ్చేసినా, ఆ అనుభవం దాదాపు రెండేళ్ల పాటు చెల్లుతూనే ఉంటుంది. ఇక్కడి నుంచే ప్రొఫైల్ నడపవచ్చు, ఇక్కడే ఫ్రెంచ్ నేర్చుకోవచ్చు. ఇక్కడ ఏడాది నైపుణ్య ఉద్యోగం చేస్తే విదేశీ అనుభవం కింద అదనపు పాయింట్లూ వస్తాయి. తిరిగి వచ్చినవాడిని ఊళ్లో ఏమంటారోనన్న భయంతో గడువు దాటాక అక్కడే ఉండిపోయి, అనుమతి లేకుండా నగదు జీతానికి పనిచేసినవారికి ఈ తలుపులన్నీ ఒక్కొక్కటిగా మూసుకుపోవడం ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలలో చూస్తూనే ఉన్నాను. నాన్నగారికి ఈ వారమే ఫోన్ చేయండి. 30 వేల డాలర్ల అప్పు వార్త కంటే ఇది చెప్పడం సులువు.

ప్రశ్న: మా అబ్బాయి సెప్టెంబరులో పీఆర్ దరఖాస్తు పెట్టాడు. మాఘమాసంలో పెళ్లి కుదిరింది. పెళ్లి సంగతి ఇప్పుడు చెబితే ఫైలు ఆగిపోతుందని, పీఆర్ కార్డు వచ్చాక కోడలిని స్పాన్సర్ చేయవచ్చని ఏజెంటు చెబుతున్నాడు. నిజమేనా? – ఒక తల్లి, తెనాలి

సమాధానం: ఏజెంటు మాట వింటే మీ కోడలు చిక్కుల్లో పడుతుంది. పీఆర్ ఖరారయ్యే రోజు వరకు కుటుంబంలో వచ్చిన ప్రతి మార్పునూ తెలియజేయడం దరఖాస్తుదారుడి బాధ్యత. అప్పటికే భార్య ఉండి, ఆమెను దరఖాస్తులో చూపకపోతే, ఆమెకు పరీక్షలు జరగకపోతే, తర్వాత కుటుంబ సభ్యురాలిగా స్పాన్సర్ చేయడానికి నియమం అడ్డుపడుతుంది. మినహాయింపులు చాలా పరిమితం, వాటి కోసం ఏళ్ల తరబడి తిరగవలసి ఉంటుంది. దాచిపెట్టినందుకు అబ్బాయి పీఆర్‌కే ముప్పు రావచ్చు.

ముహూర్తం మార్చుకోనక్కర లేదు. దరఖాస్తు ఇప్పటికే చేరింది కాబట్టి ఇప్పుడు జరిగే పెళ్లి వల్ల ఆయన పాయింట్ల లెక్క మారదు. పెళ్లి కాగానే సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో వివాహ నమోదు చేయించి, ఆ సర్టిఫికెట్‌తో పాటు శుభలేఖ, పెళ్లి ఫొటోలు పంపి కోడలి పేరు చేర్పించాలి. ఆమె వైద్య పరీక్ష, పోలీసు క్లియరెన్స్, అదనపు ఫీజు ఉంటాయి. ఫైలు కొంత ఆలస్యం కావచ్చు, అది నిజమే. పాస్‌పోర్టులో పెళ్లికి ముందు పేరు, వివాహ సర్టిఫికెట్‌లో అత్తవారి ఇంటిపేరు ఉంటే వాటిని కలిపే అఫిడవిట్ ఒకటి సిద్ధంగా పెట్టుకోండి. అలాగే అబ్బాయి టికెట్ కొనేముందు పాస్‌పోర్టులోని వీసా స్టాంపు గడువు చూసుకోమనండి. వర్క్ పర్మిట్ ఎన్నేళ్లున్నా అది తిరిగి దేశంలోకి రావడానికి వీసా కాదు. స్టాంపు గడువు ముగిసి ఉంటే పదహారు రోజుల పండుగలోపు కొత్తది వస్తుందన్న భరోసా లేదు.

ప్రశ్న: నిరుడు పీఆర్ వచ్చింది. అమ్మకు ఆరోగ్యం బాగాలేక ఏడాది పాటు రాజమండ్రిలో ఉండవలసి రావచ్చు. పీఆర్ పోతుందా? పౌరసత్వం సంగతి ఏమిటి? – ఒక పాఠకురాలు, ఎడ్మంటన్

సమాధానం: పోదు. ప్రతి అయిదేళ్లలో 730 రోజులు కెనడాలో ఉంటే పీఆర్ నిలుస్తుంది, ఆ రోజులు వరుసగా ఉండాలన్న నియమం లేదు. పౌరసత్వానికి మాత్రం దరఖాస్తుకు ముందు అయిదేళ్లలో 1,095 రోజులు అక్కడ ఉండాలి. ఆ అయిదేళ్లలో విద్యార్థిగా, వర్క్ పర్మిట్ మీద ఉన్న రోజులను ఒక్కొక్కటి అర రోజు చొప్పున, గరిష్ఠంగా 365 రోజుల వరకు కలుపుతారు. మీరు అమ్మగారి దగ్గర ఉన్న ఏడాది ఈ లెక్కకు రాదు. పైగా పాత విద్యార్థి రోజులు అయిదేళ్ల పరిధి నుంచి జారిపోతూ ఉంటాయి కనుక, పౌరసత్వం ఏడాది కంటే కొంత ఎక్కువే వెనక్కి జరగవచ్చు. భారత పాస్‌పోర్టు పీఆర్ వల్ల మారదు, కెనడా పౌరసత్వం తీసుకున్నప్పుడే దాన్ని వదులుకోవలసి ఉంటుంది. వచ్చిన తేదీ, వెళ్లిన తేదీ ఒక పుస్తకంలో రాసుకొని, బోర్డింగ్ పాసులు అందులోనే దాచండి. పౌరసత్వ దరఖాస్తులో ప్రతి ప్రయాణాన్నీ తేదీలతో సహా అడుగుతారు.